కెమెరా రీలు

“ఆ కెమెరా లోపల పెట్టండి,” అంది సుందరి, ఇసుకలో దుప్పటి పరుస్తూ.

“సముద్రాన్ని కూడా తియ్యకూడదా?” అన్నాడు నెహెమ్యా.

“సముద్రాన్ని తీసుకోండి. మనుషులు పడకుండా చూసుకోండి. ఇది మన కాకినాడ బీచి కాదు.”

సుందరి సౌదీలో, దమ్మాంలో నర్సు. వచ్చి రెండేళ్లయినా హాస్టలూ ఆసుపత్రీ తప్ప ఏమీ చూడలేదు. భర్త, కూతురు కీర్తన విజిట్ వీసా మీద వచ్చారు. మరో వారంలో వెళ్లిపోతారు.

పాపకి సముద్రం చూపించాలని ఈ శుక్రవారం అల్ ఖోబర్ దాటించి హాఫ్ మూన్ బీచికి తీసుకొచ్చింది.

పాప ఇక్కడున్నన్నాళ్లూ ఏం చేసిందో అంతా ఆ కెమెరా రీల్లోనే ఉంది. వాళ్లు వెళ్లిపోయాక సుందరికి మిగిలేది అదే.

“పాస్‌పోర్టు జేబులో ఉందిగా?” అని అడిగింది.

నెహెమ్యా జేబులు తడుముకున్నాడు. ముందు జేబు, వెనక జేబు. నాలిక కరుచుకున్నాడు.

“గదిలో ఉండిపోయినట్టుంది.”

సుందరి వెనక్కి తిరిగి రోడ్డు వైపు చూసింది. టాక్సీ అప్పటికే వెళ్లిపోయింది. సాయంత్రంగానీ రాదు.

“ఎవరితోనూ మాట్లాడకండి. ఎవరి జోలికీ వెళ్లకండి,” అంది.

అప్పుడే మళ్లీ చూసింది ఆ మనిషిని.

ఇక్కడి రూలు ప్రకారం సుందరి వేసుకున్నట్టే ఒళ్లంతా నల్లటి అబాయా. ముఖానికి ముసుగు. కళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. ఇందాక గొడుగుల దగ్గర కూర్చున్నప్పుడు వెనకే ఉంది. అక్కణ్ణుంచి లేచి ఇటు వస్తే ఇటూ వచ్చింది. తన వాళ్ల తివాచీ ఎక్కడో దూరంగా ఉంటే, ఈవిడ మాత్రం వీళ్ల వెనకే ఇసుకలో కూర్చుంది.

“ఏవండీ, ఆవిడ మళ్లీ వచ్చింది.”

“రానీ. బీచి అందరిదీ కదా.”

“మీకు తెలీదు. ఇలాటోళ్లు కనిపెట్టి చూసి పోలీసులకి చెప్తారంట. మా వార్డులో అనుకుంటారు. చూడండి, శవం మీద కాకిలా ఎలా కాసుక్కూచుందో.”

గొంతు తగ్గించకుండానే అంది.

ఆ మనిషి కదల్లేదు.

అంతలో ఓ అల వచ్చి కీర్తనని మోకాళ్లదాకా తడిపేసింది. పాప పకపకా నవ్వింది. నెహెమ్యా ఆ నవ్వు చూసి అన్నీ మరిచిపోయాడు. కెమెరా క్లిక్‌మంది.

పాప వెనకాల దూరంగా, ఆ తివాచీ మీద, ముసుగులు తీసి టీ తాగుతున్న ఆడవాళ్లున్నారు.

వాళ్ల మధ్యనుంచి ఒక పొడుగాటి మనిషి లేచాడు. పాదాలదాకా ఉన్న తెల్లటి తోబు ఎగదోసుకుంటూ నేరుగా నెహెమ్యా మీదికి వచ్చాడు. కెమెరా వైపు వేలు చూపించి అరిచాడు.

“బింత్, బింత్,” అంది సుందరి, కూతురని చెప్పడానికి పాపను చూపిస్తూ. రోగుల దగ్గర నేర్చుకున్న నాలుగు అరబ్బీ ముక్కల్లో అదొకటి.

అతను వినలేదు. నెహెమ్యా ముందు చెయ్యి చాచాడు.

“ఇకామా,” అన్నాడు, గుర్తింపు కార్డు చూపించమన్నట్టు.

నెహెమ్యా మళ్లీ జేబులు తడుముకున్నాడు.

అతను సెల్‌ఫోన్ తీశాడు.

ముసుగు మనిషి లేచి పరుగున వచ్చి మధ్యలో నిలబడింది. గబగబా అరబ్బీలో ఏదో చెబుతోంది. సుందరిని చూపించింది. పాపను చూపించింది. నెహెమ్యాను చూపించింది. ఆ ధాటిలో సుందరికి ఒక్క మాటే అందింది. షుర్తా.

పోలీసులు.

“నే చెప్పలేదూ? పోలీసుల్ని పిలవమంటోంది,” అంది సుందరి.

ఆ మనిషి నెహెమ్యా చేతిలోంచి కెమెరా లాక్కుంది. వెనక మూత తెరిచింది. రీలు కొస పట్టుకుని బారలు బారలుగా ఎండలోకి లాగేసింది.

“వద్దు,” అంది సుందరి. అప్పటికే రీలంతా ఇసుకలో చుట్టలు పడింది.

పొడుగాటి మనిషి ఆ రీలు వంక చూశాడు. ఫోను జేబులో వేసుకున్నాడు. ఏదో గొణిగి వెళ్లిపోయాడు.

కీర్తన బెదిరిపోయి ఏడుపు మొదలెట్టింది. ముసుగు మనిషి కిందికి వంగి పాప చేతిలో ఖర్జూరం పెట్టబోయింది.

సుందరి ఆ చేతిని విదిలించి కొట్టింది.

“నా బిడ్డని ముట్టుకోకు. నీ కడుపున ఒకరు పుట్టుంటే తెలిసేది నీకు.”

ఖర్జూరం ఇసుకలో పడింది. ఆ మనిషి వంగే ఉండి దాన్ని ఏరుకుంది. తర్వాత లేచి వెళ్లింది.

దూరంగా ఆ పొడుగాటి మనిషి కుటుంబం బయల్దేరడానికి సర్దుకుంటోంది. తివాచీ దులిపింది ఆ ముసుగు మనిషే. టీ కెటిళ్లు, గంపలు వ్యానులోకి మోసింది ఆ మనిషే. ముసలామెను ఎత్తి సీట్లో కూర్చోబెట్టి, అందరూ ఎక్కాక వెనక మూల ఎక్కింది.

వ్యాను వీళ్ల పక్కనుంచే వస్తూ ఇసుకలో నెమ్మదించింది. వెనక అద్దం కిందికి దిగింది.

“పోలీసులొచ్చింటే అన్నను పట్టుకపోతాండ్రి అక్కా. రీలు కండ్ల ముందర పాడుజేస్తే గానీ నన్ను పనికి పెట్టుకున్న మా కఫీలు ఒప్పుకోడు.”

అవి తెలుగు మాటలని అర్థమవడానికే సుందరికి కొంతసేపు పట్టింది.

“సాబేరా,” అని ముందు సీట్లోంచి గద్దింపు వినిపించింది. వ్యాను వేగం అందుకుంది.

సుందరి అబాయా కాళ్లకడ్డం పడుతున్నా పక్కనే పరుగెత్తింది.

“ఏ ఊరమ్మా నీది? ఏ ఊరు?”

“రాయచోటి కాడక్కా. నేనొచ్చేటప్పుడు నా బిడ్డ గూడా ఇట్లే ముద్దుముద్దుగా మాట్లాడతాండె. అందుకే పాప మాటలు ఇనుకుంటా పొద్దున్నుంచి మీ ఎనకాల్నే కూచ్చున్నా.”