బెన్హర్ అభ్యంతరం

"అబ్జెక్షన్, సార్!"

బెన్హర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. పోలింగ్ గదిలో అందరూ అతని వైపే చూశారు. చూడాలనే కదా అంత గట్టిగా అరిచింది.

విజయనగరంలో బి.ఏ. పొలిటికల్ సైన్స్ ఆఖరి ఏడు చదువుతున్నాడు బెన్హర్. పరీక్షలో పార్లమెంటు మీద ప్రశ్న వస్తే అడిషనల్ షీట్లు అడిగి మరీ రాసే రకం. ఇప్పుడు ఆ పార్లమెంటుకే ఎన్నికలు. పెద్దూరికి ఎడంగా ఉన్న వాళ్ల పేట బడిలోనే పోలింగ్. అందులో తనొక పార్టీకి ఏజెంటు.

పేట కుర్రాడు ఏజెంటు కుర్చీలో కూర్చోవడం ఇదే మొదలు. ఇన్నాళ్లూ ఏ పార్టీ ఏజెంటయినా పెద్దూరి నుంచే వచ్చేవాడు.

"అందరి ముందూ నీ మాట పోనీకురా" అని తండ్రి మరీ మరీ చెప్పి పంపాడు.

పక్క కుర్చీలో రెండో పార్టీ ఏజెంటు నరసింగరావు. పెద్దూరి రైతు. పొద్దుటి నుంచి "ఒరే, మంచినీళ్లట్రా" అని బెన్హర్‌ని పురమాయిస్తూనే ఉన్నాడు. చట్టమంతా చదివినవాడు బిందె దగ్గరికీ కుర్చీకీ తిరుగుతున్నాడు. లోపల ఉడికిపోతున్నాడు.

సరిగ్గా అప్పుడు దొరికాడు ఆ ముసలాయన.

నలిగిన చొక్కా, చంకలో సంచి. ఇచ్చిన ఓటరు కార్డు మీద ఫొటో చెరిగిపోయింది. ఆధార్ కార్డు మీద ఖరగ్‌పూర్ చిరునామా ఉంది.

"ఈయన మా పేట మనిషి కాదు సార్. నేనెప్పుడూ చూళ్లేదు. ఎవరి కార్డో పట్టుకొచ్చాడు" అన్నాడు బెన్హర్.

"నాదే బాబూ. పేరు ఎలీషా. లిస్టులో ఉన్నాది సూడండి" అన్నాడు ముసలాయన.

"మా పేటలో ఇంటికో ఎలీషా ఉంటాడు. మీరే ఆ ఎలీషా అని రుజువేటి?"

నరసింగరావు పకపకా నవ్వాడు.

"ఒరే, నీ గోలేట్రా? నాలుగు ముక్కలు సదివీసి మాకు రూల్సు సెప్తావేటి? కూకో! సార్, ఈడి మాట పట్టించుకోకండి. ఈళ్ల మాటలకి లెక్కేటి?"

క్యూలో ఉన్నవాళ్లు కూడా నవ్వారు. బెన్హర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. కూర్చోలేదు. కూర్చుంటే ఇక జన్మలో లేవలేననిపించింది.

ప్రిసైడింగ్ ఆఫీసరు వేరే ఊరి టీచరు. ఆయనకి చెమటలు పడుతున్నాయి.

"చూడండి పెద్దాయనా, మిమ్మల్ని ఎరిగినవాళ్లని ఎవరినైనా తీసుకురండి. చాలు. ఈ అబ్బాయి అబ్జెక్షన్ కొట్టేస్తాను."

ముసలాయన బెన్హర్ వైపు చూశాడు.

"ఏటి సదువుతన్నావు బాబూ?"

"పొలిటికల్ సైన్స్. అది మీకెందుకు? ముందు మీరెవరో సెప్పండి."

ముసలాయన ఏదో చెప్పబోయాడు. ఇంకా నవ్వుతున్న నరసింగరావు వైపు ఒకసారి చూసి, ఆగిపోయాడు. కార్డులు రెండూ సంచిలో పెట్టుకున్నాడు.

"నన్నెరిగినోళ్లు ఎవరూ లేరు బాబూ. ఆ ఏజెంటు బాబు మాటే ఖాయం సేసీయండి."

గుమ్మం దగ్గర ఆగి బెన్హర్‌ని కళ్లారా చూసుకుని, ఎండలోకి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత నరసింగరావు మంచినీళ్లు అడగలేదు. ఏ ఓటరు మీదయినా సందేహం వచ్చినప్పుడల్లా ఆఫీసరు "ఏమంటారు, ఏజెంటుగారూ?" అని బెన్హర్‌నే అడిగాడు. బెన్హర్ ఛాతీ ఉప్పొంగింది.

చీకటి పడుతుండగా ఇంటికొచ్చాడు. నాయనమ్మ బుల్లమ్మ మంచంలో ఉంది. లేవలేదని ఆమె ఓటు ముందే ఇంటికొచ్చి వేయించుకెళ్లారు.

"మామ్మా, ఇవాళ ఒక దొంగోటు పట్టీసినాను!"

"సర్లే. ఎలీషా ఏడిరా?"

"ఏ ఎలీషా?"

"పొద్దుట రైలు దిగి తిన్నగా నా కాడికే ఒచ్చినాడు. ఓటేసొచ్చి తింతానన్నాడు. ఇంకా రానేదు. మా మనవడే ఏజెంటురా అంటే ఎంత మురిసిపోనాడో! 'పెద్దూరోళ్ల పక్కన కుర్సీలోనా? సూడాలి' అన్నాడు."

అంటే ఆయనకి అంతా తెలుసు. 'బుల్లమ్మ ఇంటినుంచే వస్తన్నాను' అని ఒక్క మాటంటే చాలు, ఓటు ఆయన చేతిలో ఉండేది. బెన్హర్ మాట మాత్రం నరసింగరావు నవ్వుల్లో కలిసిపోయేది.

"ఎవరు మామ్మా ఆయన?"

"నీకేటి తెలుస్తాది, నువ్వు పుట్టకముందు మాట. అప్పుడు పోలింగు పెద్దూర్లో ఉండీది. మనోళ్లు ఎల్తే, మీ ఓట్లు పడిపోనాయి ఎల్పోండని తగిలీసీవోరు. ఈడు ఎదురు తిరిగినాడు. కొట్టీసినారు. లేనిపోని దొంగతనం కేసెట్టి, మన పేటలో మొదటి ఓట్లు రాకముందే ఊరొగ్గించి తరిమీసినారు. లిస్టు రాయడానికి ఎవులొచ్చినా ఆడి పేరు కొట్టీకండి బాబూ, వస్తాడు అని నానే కాళ్లట్టుకున్నాను."

ఆయన ఎక్కి ఉండే ఖరగ్‌పూర్ రైలు, వాళ్ల స్టేషను చీపురుపల్లి దాటిపోయి చాలాసేపయింది. బెన్హర్ మంచం పట్టె పట్టుకుని నేల మీద కూలబడ్డాడు.

బుల్లమ్మకి అదేమీ తెలీదు. ఆమె గుమ్మం వైపే చూస్తోంది.

"ఆడికి ఒంట్లో బాగోలేదురా, మళ్లీ ఓట్లకి ఉండనన్నాడు, కలెక్టరాపీసు సుట్టూ కాళ్లరిగేలా తిరిగి మన పేటకి పోలింగు తెచ్చినోడు, సచ్చీలోగా అందులో ఒక్క ఓటేసుకుని ఎల్పోతానని ఒచ్చినాడు."