ఈశాన్యపు కన్నం

ఉత్తరధ్రువం చెంత వానలే తప్ప మంచు కురవని కాలమది. అయినా అక్కడి విడిదిలో యంత్రాలతో మంచు చేసి, దానితోనే గదులు కట్టి అద్దెకిచ్చేవారు. మంచుగోడల మధ్య ఒక్కసారైనా నిద్రపోవాలన్నది వకుళ చిన్ననాటి కోరిక.

గదిలో అడుగుపెట్టగానే ఆమె భర్త నరహరి చేతిగడియారంలోని వాస్తు సిద్ధాంతిని మేల్కొలిపాడు.

"ఈశాన్యం మూసుకుపోయింది బాబూ, అరిష్టం!" అంది గడియారం.

"నెలల తరబడి సూర్యుడే పొడవని చోట తూర్పేమిటండీ, ఈశాన్యమేమిటి? గోడ జోలికి పోకండి, మీకు పుణ్యముంటుంది," అని వకుళ బతిమాలింది.

"నీకు తెలియదు, ఊరుకో," అంటూ ఇంజనీరింగు చదివిన ఆ మహానుభావుడు ఇంటినుంచి తెచ్చుకున్న పులిహోర గరిటెతో గోడకు కన్నం పెట్టాడు.

బయటి వెచ్చని తడిగాలి లోపలికి దూరింది. పులిహోర తినడం ముగిసేలోపే కప్పు కారి, గోడలు జారి, మంచం మడుగులో నిలిచింది. నరహరి కంగారుగా మళ్లీ గడియారాన్ని ఆశ్రయించాడు.

"నీరు ఎటు పోతోంది బాబూ?"

"ఆ కన్నంవైపే."

"ఈశాన్యానికి జలప్రవాహం! మహాయోగం!"

నరహరి ముఖం వెలిగిపోయింది. "విన్నావుటే?"

వకుళ తడిసిన దుప్పటి పిండింది. "విన్నానండీ. ఆ యోగంలో మీరు పడుకోండి. నేను పక్కగదివాళ్లనడిగి, వాస్తు లేని మంచులో పడుకుంటాను."