వంకర ప్రశ్నలు

"ఆగమ్మాయ్. సున్నా సరిసంఖ్యా, బేసిసంఖ్యా?"

కోడలి చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది. ఫ్రిజ్ తలుపే నల్లబల్ల, గరిటే బెత్తం, ఉల్లిపాయలు తరుగుతూ కూర్చున్న మామగారొక్కరే క్లాసు. కొన్నాళ్ళుగా సాయంత్రమైతే ఆ ఇంట్లో ఇదే తంతు.

"మామయ్యా, నేను చెప్తున్నది త్రిభుజాల పాఠం. సున్నా ఎందుకొచ్చింది మధ్యలో?"

"వచ్చింది. తెలీదా? తెలీదని చెప్పు."

ఆమెకు ఒళ్ళు మండింది. జిల్లా మొత్తానికి ఒక్క సెంట్రల్ స్కూల్లోనే చురుకైన పిల్లల కోసం ప్రతిభా క్లాసు ఉండేది. ఈ ఏడాది మిగతా మిడిల్ స్కూళ్ళలోనూ పెడతామన్నారు. మెలిక ఒక్కటే. ప్రతి బడి నుంచీ ఒక టీచరు కమిటీ ముందు తన పిల్లలకే పాఠం చెప్పి నెగ్గాలి. నెగ్గకపోతే ఆ బడికి క్లాసు లేదు. పక్క బడి లెక్కల మాస్టారు ఒక పిల్లాడి ప్రశ్నకి నీళ్ళు నమిలి, "సిలబస్‌లో లేదు, కూర్చో" అన్నాడట. ఆ బడి పని అక్కడితో సరి.

తన బడి తరఫున నిలబడేది కోడలే. పాఠం కంఠస్థం. ప్రశ్న అంటేనే దడ. ఓడితే తనకేం పోదు. పోయేది కిటికీపిల్లకి. ఆరో క్లాసులో అందరికన్నా ముందు లెక్కలు ముగించి, మిగతా గంటంతా కిటికీలోంచి కాకుల్ని చూసే పిల్ల. సెంట్రల్ స్కూలుకి రెండు బస్సులు మారాలని వాళ్ళింట్లో పంపలేదు.

మామగారికి ఇవన్నీ పట్టవు. పల్లెటూరి బడిలో అయిదు దాకా చదివి, బతుకంతా రంపపు మిల్లులో గడిపిన మనిషి. అత్తగారు పోయాక ఆయన నోట మంచి మాట విన్నవాళ్ళు లేరు.

"సరే, చెప్పు. త్రిభుజంలో మూడు కోణాలూ కలిపితే ఎంత?"

"నూట ఎనభై డిగ్రీలు."

"కాగితం మీద గీస్తే. బంతి మీద గీస్తే?"

గరిటె సింకులో పడేసి లోపలికి వెళ్ళిపోయింది.

"మా నాన్నకి తోచక అలా సతాయిస్తున్నారు. పట్టించుకోకు" అన్నాడు భర్త.

"తోచకపోవడమేంటి? అన్నం తిన్న చెయ్యి ఆరకముందే ఇస్త్రీ చొక్కా వేసుకుని పార్కులో చదరంగానికి పోతున్నారుగా! అక్కడ ఎవరితోనో ఓడిపోయొచ్చి ఆ కసి నా మీద తీర్చుకుంటున్నారు."

అయినా పుస్తకాలన్నీ తిరగేసింది. మర్నాడు బంతి మీద త్రిభుజం గీసి, కోణాలు నూట ఎనభై దాటతాయని చూపించింది. ఆయన "ఊఁ" అన్నాడు. మెచ్చుకోలు అంతే. వెంటనే ఇంకో ప్రశ్న.

ఒకరోజు ఆయన కుంటుకుంటూ ఇల్లు చేరాడు. ఆమె మోకాళ్ళకి మందు రాసింది.

"పార్కు బెంచీలు మరీ పొట్టిగా చేయించారు, వెధవలు" అని గొణిగాడు.

"మోచేతికి ఈ తెల్లదుమ్మేంటి మామయ్యా?"

"గోడ సున్నం."

ఆమె సీసా మూత బిగిస్తూ, తల ఎత్తకుండా అడిగేసింది.

"నిజం చెప్పండి. నాకా క్లాసు రావడం మీకిష్టం లేదు కదూ?"

"వస్తే చీకటి పడ్డాక ఇల్లు చేరతావు. నాకు టీ ఎవడు పెడతాడు?"

ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన చూడనట్టే పేపరు అందుకున్నాడు.

పరీక్ష రోజు పొద్దున్న కమిటీవాళ్ళు వెనక కుర్చీల్లో కూర్చున్నారు. పాఠం సగంలో ఉండగా కిటికీపిల్ల చెయ్యెత్తింది.

"టీచర్, భూమి గుండ్రం కదా. నేల మీద పేద్ద త్రిభుజం గీస్తే కూడా నూట ఎనభయ్యేనా?"

దడ రాలేదు. నవ్వొచ్చింది. చెయ్యి దానంతటదే సంచీలోని బంతిని వెతుక్కుంది. ఆ తర్వాత ఇంకో పిల్లాడు, కోడిగుడ్డు మీద గీస్తే ఏమవుతుందన్నాడు.

"నాకు తెలీదు. రా, ఇద్దరం గీసి చూద్దాం" అంది. తెలీదని చెప్పడం ఆమెకు ఈమధ్య బాగానే అలవాటైంది.

సాయంత్రం, కమిటీలో ఉన్న సెంట్రల్ స్కూలు టీచరమ్మ తన క్లాసు ముగించుకుని, కబురు తనే చెప్పాలని బడికి వచ్చింది. క్లాసు మంజూరైంది! ఇల్లు దారిలోనే అని కోడల్ని కారెక్కించుకుంది.

"మా క్లాసు పిల్లలు అచ్చం ఇలాంటివే అడిగి ప్రాణాలు తోడేస్తారు. మీరు తొణక్కుండా ఎలా నిలబడ్డారండీ?"

"మా ఇంట్లో ఒకాయనున్నారు లెండి. ఆయన్ని తట్టుకుంటే ఎవరినైనా తట్టుకోవచ్చు."

వరండాలో మామగారు ఇస్త్రీ చొక్కాలోనే కూర్చుని ఉన్నాడు. పక్కన రెండు కప్పుల టీ, మూతలు పెట్టి.

"ఇవాళ పార్కుకి వెళ్ళలేదా మామయ్యా?"

ఆయన కోడలి వెనక కారు దిగుతున్న మనిషిని చూసి గబుక్కున పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

టీచరమ్మ గేటు దగ్గరే ఆగి, పకపకా నవ్వింది.

"తాతగారూ, ఇవాళ మా క్లాసుకి రాలేదేం?"