వానలో సముద్రం

“ఈపొద్దు అత్తకు తెలిసిపోతాది, సూడు. తెలిసి ఆ గుట్టమీదనే గుండె ఆగిపోతే మనమేం జెయ్యాల?” ఆటో దిగకముందే నేత్రావతి మొగుడి చెవిలో గొణిగింది.

“నీ నోట ఒక్క మంచిమాట రాదు గదా!” అన్నాడు ఎర్రిస్వామి. “మాయమ్మ కండ్లకు పొర కమ్మి ఉండాది. ఏం తెలుస్తాది?”

వాళ్ల కూతురు చైత్ర కాలేజీ టూరుకు పోయొచ్చి సముద్రం ఒడ్డు అడవినీ, అక్కడి కొంగలనూ ఫోనులో చూపించినప్పటి నుంచీ అత్త భాగీరథమ్మది ఒకటే పట్టు, చూపు పూర్తిగా పోకముందే తానూ అక్కడికి పోవాలని. అంత దూరం తీసుకుపోతే ముసలామె దారిలోనే పోతుందని నేత్రావతి భయం. అందుకే ఈ ఉపాయం పన్నింది. ఆటోలో ఊళ్లన్నీ తిప్పి తిప్పి, చివరికి సొంత ఊరు క్యాతగానచెర్లు పక్కనున్న గుట్టే ఎక్కించారు. కింద, వాళ్ల చేనుతో సహా, కనుచూపు మేరా నీలంగా సోలార్ ప్యానెళ్లు.

పోయినసారి ఎండలో అదే సముద్రమని చూపిస్తే, “అలల సద్దు లేదే?” అంది ముసలామె.

“ఎండకు నిద్రపోతాదత్తా. వానకు లేస్తాది” అని నోరు జారింది నేత్రావతి. ఇదిగో, ఈరోజు వాన పట్టింది.

గుట్టెక్కేసరికి కింద ప్యానెళ్ల సందుల్లో గాలి హోరుమంటోంది.

“ఇనపడిందా సద్దు?” అడిగింది నేత్రావతి.

“ఇనపడిందిలే. కొంగలు యాడ?”

“వానకు దాక్కున్నాయి. ముందుకు పోవద్దత్తా, జారి పడతావు!”

“పడితే ఏమాయె? నీళ్లే గదమ్మే!”

నేత్రావతి గబుక్కున ఆమె భుజం పట్టుకుంది. ముసలామె కొంగుముడి విప్పి, చిన్న పొట్లం తీసి కిందికి విసిరి దండం పెట్టింది. గంగమ్మకు పసుపు కుంకుమ ఇచ్చినట్టుంది. నమ్మింది! నేత్రావతి ఊపిరి పీల్చుకుంది.

పొట్లం రాయికి తగిలి చిట్లింది. లోపల బీడీల కట్ట.

“గంగమ్మకు బీడీలేందత్తా?”

ఎర్రిస్వామి తల వంచుకున్నాడు. గొడుగుమీద వాన వెలిసింది.

“గంగమ్మకు గాదు, మీ మామకు” అంది ముసలామె. “చేనుతోపాటు ఆయన సమాధి గూడా సోలారోళ్లకు ఇచ్చేస్తిరి. నన్ను కంచె దాటనీరు. ఎండలో చూస్తి, వానలో చూస్తి. చలికి మీ సముద్రం ఎట్లుంటాదో, మళ్లా పిల్సకరాండి.”