హాస్టల్ ముందు లాప్‌టాప్

ఆడపిల్లల హాస్టల్ ఎదురుగా, టీకొట్టు బెంచీ మీద మగవాడొకడు లాప్‌టాప్ పెట్టుకుని పొద్దుట్నుంచీ కదలకపోతే ఏ వార్డెనుకైనా ఒళ్లు మండదా?

శశికళకు మండింది.

వేలూరులో ఆ హాస్టల్‌ను ఆమె ఒంటిచేత్తో నడుపుకొస్తోంది. పేరు పోయిన హాస్టల్‌కు ఆడపిల్లల్ని ఎవరు పంపుతారు? ఆ పేరు కోసమే నిరుడు విజి అనే పిల్లను పెట్టేబేడాతో సహా గేటు బయటికి నెట్టింది. తువ్వాలు చుట్టుకున్న ఆ పిల్ల వీడియో ఎవరెవరి ఫోన్లలోనో తిరిగింది మరి. "నువ్వు తీసి పంపకపోతే యాడనుంచి వచ్చింది?" అని నిలదీస్తే ఏడ్చింది.

శశికళ విసవిసా రోడ్డు దాటింది.

"ఎవరప్పా నువ్వు? ఈడేం పని?"

అతను లేచి నిలబడ్డాడు.

"మీ కోసమే వచ్చినానక్కా. మీ సీసీ కెమెరాల పెట్టె నెట్‌లోకి తెరిచి ఉండాది."

"మా కెమెరా సంగతి నీకెట్లా తెలిసింది?"

"స్కాన్ చేసినా. నెట్‌కు తగిలించిన ప్రతి పెట్టెకూ పోర్టులని తలుపుల మాదిరి ఉంటాయి. ఏది తీసుండాదో, దాని వెనక ఏం నడస్తా ఉండాదో ఈ ప్రోగ్రామ్ బయటినుంచే తట్టి చూస్తాది. మీది తడితే కెమెరా పలికింది."

"అంటే మా పిల్లల్ని చూస్తా ఉండావు."

"లేదక్కా. తట్టినా, అంతే. లోపలికి పోవాలంటే మీరు ఒప్పుకోవాల. అది అడగడానికే వచ్చినా."

"ఊర్లో ఇన్ని ఇండ్లుంటే నీకు ఆడపిల్లల హాస్టలే దొరికిందా? మాకు నువ్వేమవుతావు?"

అతను నోరు మెదపలేదు. తల దించుకున్నాడు.

దొంగ కాకపోతే తల దించుకుంటాడా? శశికళ చెంప ఛెళ్లుమనిపించింది.

ఆటోస్టాండు వాళ్లు పరుగెత్తుకొచ్చారు.

"ఏందక్కా?"

"మా పిల్లల్ని దొంగచాటుగా చూస్తా ఉండాడు."

ఇక ఎవరూ ఏమీ అడగలేదు. లాప్‌టాప్ రోడ్డు మీద ముక్కలైంది. అతని కుడిచెయ్యి వెనక్కి విరిచారు.

కిందపడి కూడా అతను అదే మాట అన్నాడు.

"ఆ పెట్టె వైరు పీకేయండక్కా."

పోలీసులు వచ్చి తీసుకుపోయారు. ఆ హాస్టల్‌కే ఎందుకొచ్చావని స్టేషన్లో ఎంత గద్దించినా చెప్పలేదట.

శశికళ వైరు పీకలేదు. దారినపోయేవాడు చెబితే పీకాలా? కెమెరాలు బిగించిన యోగానంద్‌కు ఫోన్ చేసింది.

"అట్లాంటోళ్ల మాటలు పట్టించుకోవద్దక్కా. నేనుండా కదా" అన్నాడు.

ఆమెకు ఆ మాట చాలింది.

వారం తిరక్కుండానే ఇంకో వీడియో బయటికొచ్చింది. ఈసారి హాస్టల్లోనే ఉండే భరణి అనే పిల్లది. స్నానాల గది నుంచి వరండాలోకి వస్తున్నప్పటిది.

భరణి ఏడవలేదు. ఫోన్ తెచ్చి శశికళ మొహం ముందు పెట్టింది.

"చూడక్కా. పైనుంచి తీసినారు. ఆ మూల పైన ఏముండాదో నువ్వే చెప్పు."

ఆ మూల పైన కెమెరా ఉంది.

యోగానంద్ వచ్చి చెప్పాడు.

"రిపేరని పిలిచినప్పుడల్లా గుడియాత్తం నుంచి రావాలంటే పెట్రోలు దండగ కదక్కా. ఇంట్లో కూర్చునే చూసుకునేట్టు నేను బిగించిన పెట్టెలన్నీ నెట్‌లోకి తెరిచే పెడతా. పాస్‌వర్డు కూడా అన్నిచోట్లా ఒకటే, మా పాప పేరు. మర్చిపోకుండా ఉంటాది."

పాప పేరే అతని షాపు పేరు. బోర్డు మీద, హాస్టల్ గోడకు అతికించిన స్టిక్కర్ మీద కూడా అదే.

ఎంత నింపాదిగా చెప్పాడో చూడండి. పిల్లల మానం వీధిన పడింది, వీడికి పెట్రోలు మిగిలింది.

"విజి ఉన్నప్పుడు కూడా ఇట్లే ఉండిందా?" భరణి అడిగింది.

యోగానంద్ గోడకేసి చూశాడు.

శశికళ లేచి వెళ్లి ఆ పెట్టె వైరు పీకింది.

యోగానంద్ మీద ఫిర్యాదు ఇవ్వడానికి స్టేషన్‌కు వెళ్లి, అక్కడే, పోలీసులు అప్పటికే వదిలేసిన ఆ లాప్‌టాప్ మనిషి అడ్రసు అడిగింది. పేరు జీవా, ఊరు గుడియాత్తం. అతను వచ్చి నాలుగు మాటలు చెబితే తప్ప కేసు నిలవదు. అంతకన్నా ముందు అతని కాళ్లు పట్టుకోవాలి.

బస్సు కే.వి.కుప్పం దాటేదాకా యోగానంద్‌ను తిట్టుకుంది. ఆ తర్వాత తిట్టుకోవడానికి తనే మిగిలింది.

ఒక్కటే అంతుబట్టలేదు. మాకు నువ్వేమవుతావని అడిగినప్పుడు అతను ఎందుకు నోరు విప్పలేదు? ఆ ఒక్క జవాబు చెప్పి ఉంటే దెబ్బలు తప్పేవేమో.

మగ్గాల వీధిలో ఇల్లు దొరికింది. శశికళ తలుపు తట్టింది.

"జీవా ఇల్లు ఇదేనామ్మా?"

కుడిచేతికి కట్టుతో కూర్చున్న అన్నకు ముద్దలు కలిపి తినిపిస్తూ, ఆ ఎంగిలి చేత్తోనే వచ్చి తలుపు తీసింది విజి.