టార్చి పట్టేవాడు

దుప్పి వేటలో ఒకడు వెనక నిలబడి టార్చి పడతాడు, ముందున్నవాడు కాలుస్తాడు. కళ్ళు చెదురుతాయని కాల్చేవాడు వెనక్కి తిరగడు.

గాజువాక అవతలి కొండ మీద జోజి తాతనాటి రైఫిల్ ఎత్తాడు. లీవరు లాగితేనే తూటా ఎక్కే పాత రకం. భుజం మీదుగా వెలుతురు పోయి దుప్పి కళ్ళ మీద నిలిచింది. బండి పెట్టొస్తానన్న బామ్మర్ది జాక్సన్ వచ్చేశాడనుకున్నాడు. ఎప్పుడూ వణికే వాడి చెయ్యి ఇవాళ వణకలేదు.

కాల్చాడు. దుప్పి కూలింది.

కొండ కింద నుంచి జాక్సన్ కేక వినిపించింది. "బావా, టార్చి ఎలగట్లేదు! నాను బండికాడే ఉన్నాను. సీకట్లో ఎలా కాల్సినావ్?"

వెలుతురు మెల్లగా దుప్పిని వదిలింది. జోజి నీడ అతని ముందు పొడుగ్గా పడింది. అతని చేతులు కదల్లేదు.

వెనక ఎవరో లీవరు లాగారు.