ఇరవయ్యేడో గడిలో అడవి

లాండ్రీ ఆవిడ తను తెచ్చిన దుప్పటిని తీసుకెళ్లి గాలి మేడమ్ బల్ల మీద పరిచేసింది. తెల్ల దుప్పటి అనుకోవడమే గానీ, దాని మీది మసి చుక్కలు లెక్కపెట్టాలంటే ఒక పూట పడుతుంది.

"ఎనిమిదింటికి ఆరేశాను. పదింటికి ఇలా తయారైంది. మీ లెక్కలో ఈ దుప్పటి ఎక్కడుందో చూపించండి," అంది.

గాలి మేడమ్ అన్నది ఆఫీసువాళ్లు పెట్టిన పేరు. ఊరి గాలిలోకి ఏ పొగ ఎంత చేరుతోంది, ఏ దుమ్ము ఎక్కడ వాలుతోంది అని కంప్యూటర్లో లెక్కగట్టడం ఆమె పని. ఇంట్లో అత్తగారు మాత్రం అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ "మా కోడలిది గాలి ఉద్యోగం" అని చెబుతూ ఉంటుంది. అది మెప్పో వెక్కిరింపో ఇంతవరకు ఎవరికీ తేలలేదు.

ఈసారి లెక్క చిన్నది కాదు. ఫ్యాక్టరీ రెండో పొగగొట్టం కడతానంటోంది. కట్టనివ్వాలా వద్దా అన్నది మేడమ్ రిపోర్టు మీదే ఉంది. మూడింటికి మీటింగు, రిపోర్టేమో కట్టుకోవచ్చనే చెబుతోంది. రెండో గొట్టం లేస్తే మసి రెట్టింపవుతుందని, ఆసుపత్రివాళ్లు తనకి దుప్పట్లు ఉతకడానికి వేయడం మానేస్తారని, ఇక తను లాండ్రీకి తాళం వేసుకోవాల్సిందేనని ఆవిడ ఏకరువు పెట్టింది.

మేడమ్ ఓపిగ్గా విడమరిచి చెప్పింది. ఊరినంతా గళ్లుగా విడగొట్టి లెక్క వేశారు. ఫ్యాక్టరీ, దాని పక్కన లాండ్రీ ఉన్నది ఇరవయ్యేడో గడి. ఆ గడిలో ఏడెకరాల అడవి ఉంది. చెట్లు కూడా ఎండకి ఒక రకం ఆవిరి వదులుతాయి, అది పొగతో కలిస్తే గాలి పాడవుతుంది. పైగా ఆకులు మసిని పట్టేసుకుంటాయి కాబట్టి గొట్టంలోంచి వచ్చింది ఇళ్ల మీద వాలేది తక్కువే. తిలాపాపం తలా పిడికెడు అన్నారు, అంతా ఫ్యాక్టరీ నెత్తిన రుద్దితే ఎలా అంది.

లాండ్రీ ఆవిడ ముక్కు మీద వేలేసుకుంది.

"అడవా? మా పక్కనా? పదిహేనేళ్లుగా అక్కడే బట్టలారేస్తున్నానమ్మా. మసి పడుతుంది, పిట్ట రెట్ట పడుతుంది. ఒక్కటంటే ఒక్క ఆకు కూడా నా దుప్పట్ల మీద రాలలేదు. ఆకులు రాలని అడవి ఏం అడవి?"

మేడమ్‌ కంప్యూటర్ వైపు తిరిగింది. ఆర్నెల్ల కిందట ఆకాశం నుంచి తీసిన ఫోటో ఉంటే, అది తెరిచి చూపించింది. ఇరవయ్యేడో గడి దట్టంగా, పచ్చగా ఉంది. నాలుగు వందల గళ్లనీ అలా ఫోటో చూసుకుంటూ ఆమే నింపింది. పచ్చగా ఉంటే చెట్లు, బూడిదరంగైతే ఇళ్లు. నెల్లాళ్లు పట్టింది, కుర్చీలోంచి లేవకుండా. ఆవిడ ఆ ఫోటోను ఎగాదిగా చూసి, ఇవన్నీ కాకి లెక్కలని తేల్చేసి, కింద స్కూటరుంది ఎక్కమంది.

మేడమ్‌కి రోషం వచ్చింది. రోషం వెనకాలే గుబులూ వచ్చింది. సంతకం తనది.

"పదండి పిన్నిగారూ. అక్కడ అడవి లేదని తేలితే రిపోర్టు నా చేత్తోనే చింపేస్తాను," అని సంచీ భుజానికి తగిలించుకుంది.

గాలి మీద అన్నేళ్లు పరిశోధన చేసిన మనిషి ఆ గాలికి ఎదురు వెళ్లడం అదే మొదటిసారి. దారిలోనే కంట్లో నలక పడింది.

ఇరవయ్యేడో గడిని రెండు చుట్లు చుట్టారు. రోడ్డు, ఇళ్లు, లాండ్రీ తీగలు, రెండు నిలువుల ఎత్తున ఫ్యాక్టరీ ప్రహరీ. అడవి సంగతి దేవుడెరుగు, పుల్ల విరుచుకుందామన్నా చెట్టు లేదు.

అప్పుడు మేడమ్‌కి అంతా అర్థమైపోయింది. ఈ ఆర్నెల్లలో గోడ వెనకాల చెట్లన్నీ కొట్టేశారు. అడవిని గుట్టుగా మింగేసి, మళ్లీ ఆ అడవి పేరు చెప్పుకునే రెండో గొట్టం లేపబోతున్నారన్నమాట. ఆమెకి ఒళ్లు మండిపోయింది. గేటు దగ్గరకెళ్లి మేనేజరును పిలిపించింది.

మేనేజరు పరుగున వచ్చాడు. ఆ రిపోర్టు తన నెత్తిన పాలు పోసిందని పొంగిపోతున్న మనిషి. ఎండలో నిలబెట్టినందుకు వాచ్‌మన్‌ని కసిరి, లోపలికొచ్చి టీ తాగి వెళ్లమని ఇద్దరినీ బతిమాలాడు.

"టీ సంగతి తర్వాత. లోపల ఉండాల్సిన ఏడెకరాల చెట్లు ఏమయ్యాయి? ఎప్పుడు కొట్టించారు?" అంది మేడమ్.

మేనేజరు నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"చెట్లా? అంత మాట అనకండి మేడమ్. ముప్పై ఏళ్ల నుంచి ఇక్కడే ఉన్నాను. ఒట్టు, ఈ గోడ లోపల ఒక్క చెట్టు కూడా ఎప్పుడూ లేదు. ఉన్నవన్నీ రేకుల షెడ్లే. ఏడెకరాలూ అవే."

మేడమ్ నమ్మలేదు. ఫోనులో ఆ ఆకాశం ఫోటో తెరిచి అతని ముక్కు కింద పెట్టింది. మరి ఇందులో పచ్చగా కనబడుతున్నదంతా ఏమిటని నిలదీసింది. లాండ్రీ ఆవిడ కూడా మెడ సాచి తొంగిచూసింది.

మేనేజరు ఫోటో చూశాడు. కళ్లజోడు సర్దుకుని మళ్లీ చూశాడు. ఉన్నట్టుండి అతని మొహం వెలిగిపోయింది.

"ఓ, ఇదా. తుప్పు పట్టకుండా పోయినేడు షెడ్ల రేకులన్నిటికీ రంగు కొట్టించామండి. ఈ ఆకుపచ్చ రంగు ఎంచింది నేనే."